ఫైలులో ఉండిపోయిన మాట

2010 ఫిబ్రవరి 2. న్యూయార్క్ నగరం, బ్రూక్లిన్. కింగ్స్ కౌంటీ ఆసుపత్రి ఎమర్జెన్సీకి ఛాతీలో నొప్పిగా ఉందంటూ ఒకామె వచ్చింది. పేరు లావెర్న్ విల్కిన్‌సన్. అప్పటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు. ఇంటి బరువంతా ఆమె ఒక్కతే మోస్తోంది. కూతురికి ఆటిజం. వయసు పెరుగుతోంది గానీ దానికి తగ్గ ఎదుగుదల లేదు. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సిన పిల్ల. ఆ ఇంట్లో ఆ ఎవరో ఒకరు అమ్మే.

అలాంటి తల్లికి గుండెల్లో నొప్పి వస్తే ముందు భయపడేది తన ప్రాణం గురించి కాదు. నాకేమైనా అయితే ఈ పిల్ల గతేమిటని. లోకంలో ఏ తల్లయినా అంతే.

ఛాతీ నొప్పి అనగానే ఎమర్జెన్సీలో ఎవరైనా ముందు గుండెనే చూస్తారు. లావెర్న్‌కు ఈసీజీ తీశారు. ఛాతీకి ఎక్స్‌రే తీశారు. కంగారు పడాల్సిందేమీ లేదన్నారు. నొప్పికి మోట్రిన్ మాత్ర వాడమన్నారు. మన మందుల షాపుల్లో బ్రూఫెన్ అని అడిగితే ఇచ్చే మందే అది. ఆమె గండం గడిచిందనుకుని ఇంటికి వెళ్లిపోయింది.

అదే ఎక్స్‌రేను ఆసుపత్రి రేడియాలజిస్టు చూశారు. కుడి ఊపిరితిత్తిలో 2 సెంటీమీటర్ల మచ్చ కనబడింది. వదిలేయదగ్గ మచ్చ కాదు, అనుమానించాల్సిన మచ్చ. ఆ మాట రిపోర్టుకెక్కింది. రిపోర్టు ఫైలులోకి చేరింది. లావెర్న్ చెవిన మాత్రం పడలేదు.

ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూసినవాళ్లకు తెలుసు. గాలి ఉన్నచోట నలుపు, ఎముక ఉన్నచోట తెలుపు. ఊపిరితిత్తులు రెండూ నల్లగా ఉంటాయి. వాటి మీదుగా పక్కటెముకలు తెల్లటి చారలు గీసినట్టు అడ్డంగా పోతుంటాయి. ఆ చారల మధ్య, గుండె నీడ పక్కన, చిన్న బూడిదరంగు మచ్చ ఆనాలంటే అలవాటు పడ్డ కన్ను కావాలి. అర్ధరాత్రీ అపరాత్రీ లేకుండా ఎమర్జెన్సీలో పరుగులు పెట్టే కుర్ర డాక్టరుకు అది దొరక్కపోవచ్చు. అందుకే ఆ ఫిల్మును రెండోసారి చూడటానికి రేడియాలజిస్టును పెట్టారు. ఏర్పాటు మంచిదే. అయితే ఆయన రాసిన రిపోర్టు వచ్చేలోపు రోగి ఇంటికి వెళ్లిపోతే? ఫోను చేసి వెనక్కి పిలవాల్సింది ఎవరు? నేను రాసేశాను కదా అని ఒకరనుకుంటారు. ఏమైనా ఉంటే చెప్పేవారు కదా అని ఇంకొకరనుకుంటారు. ఏ దేశపు ఆసుపత్రిలోనైనా ప్రాణం మీదికొచ్చే చోటు ఆపరేషన్ బల్ల ఒక్కటే కాదు. కాగితం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారే చోటు కూడా అంతే ప్రమాదకరం.

ఊపిరితిత్తికి ఇంకో గుణం ఉంది. దాని లోపలి కణజాలంలో నొప్పి తెలిపే నరాలు లేవు. గడ్డ లోలోపల పెరుగుతున్నా అది పక్క గోడనో, ఎముకనో తాకేదాకా మనిషికి తెలియదు. తెలిసేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. 2 సెంటీమీటర్ల దశలో, ఇంకెక్కడికీ పాకకముందు దొరికిన గడ్డను కోసి తీసేసి మనిషిని నిలబెట్టే అవకాశం బాగా ఉంటుంది. ఆ రోజు బ్రూక్లిన్‌లో ఆ గడ్డ దొరికింది. దొరికిన సంగతే ఆమెకు చెప్పలేదు.

* * *

రెండేళ్లు గడిచాయి. తగ్గని దగ్గు పట్టుకుంది. 2012 మేలో లావెర్న్ మళ్లీ అదే ఆసుపత్రికి వచ్చింది. మళ్లీ ఎక్స్‌రే తీశారు. ఈసారి రెండో మనిషి కళ్లు అక్కర్లేకుండానే కనబడింది. క్యాన్సర్ రెండు ఊపిరితిత్తులకూ పాకింది. కాలేయానికి, మెదడుకు, వెన్నుకు వెళ్లింది. ఇక చేయగలిగింది లేదు.

పాత ఫైలు అప్పుడు తెరుచుకుంది. 2010 నాటి రిపోర్టు అందులోనే ఉంది. చిరగలేదు, పోలేదు. ఆమె ఇంటికి వెళ్లి బ్రూఫెన్ మింగుతున్న రోజున కూడా అది ఆ ఫైలులోనే ఉంది.

ఆమె లాయరు దగ్గరకు వెళ్లింది. తన కోసం కాదు. తనకు మిగిలింది నెలలే. ఆ తర్వాత కూతుర్ని చూసుకోవడానికి మనుషులు కావాలి, డబ్బు కావాలి. అదీ ఏడాదికో రెండేళ్లకో కాదు, ఆ పిల్ల బతికినన్నాళ్లూ కావాలి. తప్పు చేసిన ఆసుపత్రి ఆ భారం మోయాలని అడగడంలో అన్యాయం ఏముంది?

అడగడానికి వీల్లేదని చట్టం చెప్పింది. కేసులో బలం లేక కాదు, గడువు దాటిపోయి.

ఆ గడువు లెక్క ఒకసారి వేసి చూడండి. కింగ్స్ కౌంటీ నగర ప్రభుత్వ ఆసుపత్రి. న్యూయార్క్‌లో ప్రభుత్వ ఆసుపత్రి మీద దావా వేయాలంటే తప్పు జరిగిన 90 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. ఏడాది 90 రోజుల్లో దావా పడాలి. అప్పట్లో లెక్క మొదలయ్యేది రోగికి సంగతి తెలిసిన రోజు నుంచి కాదు, తప్పు జరిగిన రోజు నుంచి. అంటే లావెర్న్ 2010 మే మొదటి వారానికల్లా నోటీసు ఇచ్చి ఉండాలి. 2011 మే మొదటి వారానికల్లా దావా వేసి ఉండాలి. తనకు క్యాన్సర్ ఉందని ఆమెకు తెలిసింది 2012 మేలో. తెలియడానికి ఏడాది ముందే ఆమె హక్కు చచ్చిపోయింది.

ఇందులో ఇంకో అన్యాయం దాగి ఉంది. అదే ప్రైవేటు ఆసుపత్రయితే గడువు రెండున్నరేళ్లు. ఆ లెక్కన 2012 ఆగస్టు మొదటి వారం దాకా టైము ఉండేది. మే నుంచి ఆగస్టు అంటే పరుగెత్తి అయినా దావా వేయించేదే. డబ్బున్నవాడు వెళ్లే ఆసుపత్రికి రెండున్నరేళ్లు, లేనివాడు వెళ్లే ఆసుపత్రికి పదిహేను నెలలు. ప్రభుత్వ ఖజానాను కాపాడటానికి పెట్టుకున్న ఈ తేడా, ప్రభుత్వ ఆసుపత్రి తప్ప గతిలేని వాళ్ల మీదే పడింది.

గడువు అనేదే అన్యాయం అని నేననను. మనకు ప్రోనోటు సంగతి తెలుసు. మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది. ఊళ్లో అప్పులిచ్చే ఆసామి మూడో ఏడు నిండకముందే బాకీదారును పిలిపించి, ఎంతో కొంత కట్టించుకుని, నోటు వెనక చెల్లు రాయించుకుంటాడు. ఆ పద్ధతిని ఎవరూ తప్పుపట్టరు. ఎందుకంటే అప్పిచ్చినవాడికి తాను ఏ రోజు ఇచ్చాడో తెలుసు. నోటు అతని ఇనప్పెట్టెలోనే ఉంది. తెలిసి తెలిసి ఊరుకుంటే అది అతని తప్పు. లావెర్న్ విషయంలో నోటు ఎవరి పెట్టెలో ఉంది? బాకీదారు పెట్టెలోనే ఉంది. బాకీ ఉన్న సంగతి కూడా అతను ఆమెకు చెప్పలేదు. మూడో ఏడు వచ్చేదాకా ఆగి, కాలదోషం పట్టింది పొమ్మన్నట్టయింది.

ఆసుపత్రి వర్గాలతో చివరకు కొంత సొమ్ముకు రాజీ కుదిరింది. కానీ 2010 నాటి ఎక్స్‌రే గురించి ఏ కోర్టూ విచారించలేదు. ఏ జ్యూరీ ముందుకూ ఆ రిపోర్టు రాలేదు. తప్పు ఎవరిదో ఎవరూ తేల్చలేదు.

2013 మార్చి 7న లావెర్న్ చనిపోయింది. ఆమెకు 41 ఏళ్లు. కూతురికి 15.

* * *

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. లేకపోతే న్యూయార్క్ చట్టంలో ఉన్న అసలు వింత అర్థం కాదు.

1958లో అదే రాష్ట్రంలో ఒకావిడకు పిత్తాశయం ఆపరేషన్ చేశారు. రక్తనాళాలను బిగించి పట్టే లోహపు క్లాంపులను లోపలే మరచిపోయి కుట్లు వేసేశారు. ఎనిమిదేళ్లు ఆమె వాటిని మోసుకు తిరిగింది. 1966లో కడుపునొప్పి భరించలేక వెళితే ఎక్స్‌రేలో అవి బయటపడ్డాయి. మళ్లీ కోసి తీశారు. ఆవిడ దావా వేస్తే, గడువు దాటిందని ఆసుపత్రి వాదించింది. అప్పట్లో గడువు మూడేళ్లు. 1969లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం అప్పటిదాకా ఉన్న పద్ధతిని మార్చింది. ఒంట్లో వస్తువు మరచిపోయిన కేసుల్లో గడువు ఆ వస్తువు బయటపడిన రోజు నుంచో, తగిన జాగ్రత్త తీసుకుంటే బయటపడగలిగిన రోజు నుంచో మొదలవుతుందని చెప్పింది. ఎందుకంటే లోహం అబద్ధం చెప్పదు. ఎన్నేళ్లయినా సాక్ష్యం చెరగదు. రోగి కథ అల్లుతోందన్న అనుమానానికి తావు లేదు.

ఎంత చక్కని తర్కమో చూడండి. కానీ కోర్టు దాన్ని అక్కడికే పరిమితం చేసింది. రోగం కనిపెట్టడంలో జరిగిన పొరపాట్లను ఇందులో కలపలేదు. 1975లో డాక్టర్ల బీమా సంక్షోభం వచ్చింది. అప్పుడు రాష్ట్ర శాసనసభ మూడేళ్ల గడువును రెండున్నరేళ్లకు కుదించింది. ఒంట్లో మరచిన వస్తువుకు మాత్రం బయటపడ్డాక ఏడాది టైము ఇచ్చింది. మిగతా అందరికీ తప్పు జరిగిన రోజు నుంచే లెక్క.

కడుపులో మరచిన క్లాంపుకు ఒక న్యాయం, ఊపిరితిత్తిలో మరచిన మచ్చకు ఇంకో న్యాయం. సాక్ష్యం చెరగకపోవడమే ప్రమాణమైతే, రేడియాలజిస్టు తారీఖు వేసి రాసిన రిపోర్టు కంటే చెరగని సాక్ష్యం ఏముంటుంది? క్లాంపు ఎవరి చేతిలోంచి జారిందో వాదించుకోవచ్చు. రిపోర్టులో అక్షరం అక్షరంగా ఉన్నదాన్ని ఎవరు కాదంటారు? నన్నడిగితే లావెర్న్ కేసే ఆ పాత కేసుకంటే బలమైంది. అయినా చట్టం క్లాంపునే చూసింది, మచ్చను చూడలేదు.

అమెరికాలో చాలా రాష్ట్రాలు అప్పటికే ఈ తేడాను తుడిచేశాయి. రోగికి తెలిసిన రోజు, లేదా మామూలు మనిషి జాగ్రత్తగా ఉంటే తెలుసుకోగలిగిన రోజు నుంచే గడువు లెక్కించాలన్న సూత్రం వాటిలో అమల్లో ఉంది. అంత పెద్ద రాష్ట్రమైన న్యూయార్క్ మాత్రం వెనకబడి ఉండిపోయింది.

* * *

లావెర్న్ గాథను న్యూయార్క్ డైలీ న్యూస్ పత్రిక బయటపెట్టింది. ఒకసారి రాసి వదిలేయలేదు. పట్టు విడవకుండా ఏళ్ల తరబడి రాసింది. పత్రికల్లో పనిచేసేవాళ్లకు ఈ విషయంలో ఆ పత్రిక మీద గౌరవం కలగాలి. ఒక బిల్లు చట్టమయ్యేదాకా ఒకే మనిషి పేరును మళ్లీ మళ్లీ అచ్చువేయడం తేలిక పని కాదు.

అసెంబ్లీలో హెలీన్ వైన్‌స్టీన్, సెనేట్‌లో మైకేల్ జనారిస్ లాంటివాళ్లు బిల్లును మోశారు. దానికి జనం పెట్టిన పేరు లావెర్న్ చట్టం. 2015లో అసెంబ్లీ ఆమోదించింది. సెనేట్‌లో ఓటింగు దాకా రాలేదు. ఆసుపత్రుల సంఘాలు, డాక్టర్ల సంఘాలు అడ్డం నిలిచాయి. బీమా ప్రీమియంలు పెరుగుతాయన్నాయి. ఏళ్లు గడిచాక కేసు వేస్తే డాక్టరుకు ఏం గుర్తుంటుంది, నర్సు ఎక్కడుంటుంది, ఎలా వాదించుకోవాలని అడిగాయి.

ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. వెయ్యి మందికి వైద్యం చేసిన డాక్టరు, ఇరవై ఏళ్ల కిందటి ఒక రాత్రి గురించి ఎప్పుడు సమన్లు వస్తాయోనని జీవితాంతం ఎదురుచూస్తూ కూర్చోవడం కూడా న్యాయం కాదు. సాక్షులు చనిపోతారు. జ్ఞాపకాలు మసకబారతాయి. గడువు పెట్టిందే అందుకు. అయితే ఆ భయానికి మందు తెలిసిన రోజు నుంచి లెక్క కట్టకపోవడం కాదు. తెలిసిన రోజు నుంచి లెక్క కట్టి, దానికి పైన ఒక ఆఖరి హద్దు గీయడం. చివరికి న్యూయార్క్ చేసిందీ అదే.

2017 జూన్‌లో, సమావేశాలు ముగిసే వేళ, రెండు సభలూ బిల్లును ఆమోదించాయి. గవర్నర్ ఆండ్రూ కువోమో 2018 జనవరి 31న సంతకం చేశారు. లావెర్న్ చనిపోయి అప్పటికి ఐదేళ్లు కావస్తోంది.

చట్టంలో ఉన్నదిది. క్యాన్సర్‌ను, ప్రాణాంతకమైన కణితిని కనిపెట్టకుండా వదిలేసిన కేసుల్లో, ఆ నిర్లక్ష్యం గురించి, దానివల్ల హాని జరిగిందని రోగికి తెలిసిన రోజు నుంచి, లేదా తెలిసి ఉండాల్సిన రోజు నుంచి రెండున్నరేళ్లలో దావా వేయవచ్చు. ఏమైనా సరే, తప్పు జరిగిన ఏడేళ్లకు మించకూడదు. ప్రభుత్వ ఆసుపత్రులకు పాత 90 రోజులు, ఏడాది 90 రోజుల గడువులు అలాగే ఉన్నాయి గానీ, వాటి లెక్క కూడా తెలిసిన రోజు నుంచే. ఈ చట్టం ముందే ఉండి ఉంటే లావెర్న్‌కు 2013 ఆగస్టు దాకా టైము ఉండేది. ఊపిరి ఉండగానే తన కేసు తాను వేసుకునేది.

ఇది గెలుపే. కానీ సగం గెలుపు. మొదట అనుకున్న బిల్లు అన్ని రకాల వైద్య నిర్లక్ష్యానికీ వర్తించేది. బేరాలు సాగి సాగి క్యాన్సర్ దగ్గర ఆగింది. గుండె జబ్బు రిపోర్టు ఫైలులో ఉండిపోతే? రక్తపరీక్షలో మూత్రపిండాలు పాడవుతున్న గుర్తు కనబడినా ఎవరూ చెప్పకపోతే? వాళ్లకు ఈ చట్టం లేదు. చనిపోయిన మనిషి జబ్బు క్యాన్సర్ కాబట్టి చట్టమూ క్యాన్సర్‌కే అనడం నాకు సబబుగా తోచదు. తెలియకపోవడం అనేది ఏ జబ్బుకైనా ఒకటే.

అప్పటికే గడువు దాటిపోయిన వాళ్లలో, చట్టం రావడానికి ముందు పది నెలల్లోపు దాటినవాళ్లకు మాత్రం ఆరు నెలల అవకాశం ఇచ్చారు. అంతకు ముందువాళ్లకు ఏమీ లేదు. ఎవరి పేరున చట్టం వచ్చిందో, ఆ తల్లి బిడ్డకు దానివల్ల ఒక్క డాలరు కూడా రాలేదు.

* * *

అమెరికా గొడవ మనకెందుకు అనిపించవచ్చు. మన దగ్గరా గడువు చిక్కు ఉంది. వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995 నవంబరులో తేల్చింది. డబ్బు తీసుకుని వైద్యం చేసే ఆసుపత్రి మీద మనం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రి అయితే ఆ దారి లేదు, సివిల్ కోర్టే గతి. కమిషన్‌కు వెళ్లాలంటే 2019 చట్టం 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు. అది కమిషన్ దయ.

వ్యాజ్య కారణం ఎప్పుడు ఏర్పడుతుంది? కోసిన రోజునా, తెలిసిన రోజునా? సెక్షన్ చెప్పదు. చెప్పింది సుప్రీంకోర్టు, ఒక నర్సు కేసులో.

ఆమె గోవాలో ప్రభుత్వ నర్సు. 1993 నవంబరులో ముంబైలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకుంది. నొప్పి వదల్లేదు. తొమ్మిదేళ్ల తర్వాత, 2002 అక్టోబరులో ముంబైలోనే ఇంకో ఆసుపత్రిలో మళ్లీ కడుపు కోస్తే గాజుగుడ్డ ముద్ద బయటపడింది. 2004 అక్టోబరులో, అంటే గాజుగుడ్డ దొరికిన రెండేళ్లలోపే, జాతీయ కమిషన్‌లో ఫిర్యాదు వేసింది. డాక్టరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2010 అక్టోబరులో తీర్పు వచ్చింది. అందులో చెప్పిన సూత్రం బంగారం లాంటిది. నిర్లక్ష్యం ఫలితం పైకి కనిపించేదైతే గడువు ఆ రోజు నుంచే. లోపల దాగి ఉండేదైతే, రోగికో వాళ్ల తాలూకువాళ్లకో తెలిసిన రోజు నుంచి, లేదా తగిన శ్రద్ధ పెడితే తెలిసి ఉండే రోజు నుంచి. అమెరికా కోర్టుల తీర్పులను కూడా పరిశీలించే ఈ మాట చెప్పారు.

ఆ సూత్రం చెప్పి, అదే తీర్పులో ఆ నర్సు ఫిర్యాదును కొట్టేశారు. అనుభవం ఉన్న నర్సువి, తొమ్మిదేళ్లు నొప్పి పడుతూ ఆపరేషన్ చేసిన డాక్టరును ఎందుకు అడగలేదన్నారు. తగిన శ్రద్ధ పెట్టలేదు కాబట్టి గడువు ఎప్పుడో దాటిందన్నారు.

న్యాయమూర్తుల మీద గౌరవం ఉంచుకునే చెబుతున్నాను. ఈ ముగింపు నాకు మింగుడు పడదు. నొప్పి ఉండటం వేరు, ఆ నొప్పికి కారణం ఫలానా డాక్టరు మరచిన గుడ్డ అని తెలియడం వేరు. మన ఇళ్లలో ఆడవాళ్లు ఆపరేషన్ తర్వాత నొప్పిని ఏమని సరిపెట్టుకుంటారో మనకు తెలియనిదా? కుట్లు లాగుతున్నాయంటారు. గ్యాస్ అంటారు. వయసంటారు. ఒక మాత్ర వేసుకుని పనిలో పడతారు. నర్సయినా ఆమెకు తన పొట్టలోకి చూసే కళ్లు లేవు. శ్రద్ధ అన్న మాటను ఇంత బిగించి పట్టుకుంటే సూత్రం కాగితం మీదే ఉంటుంది, గడువు మాత్రం కోసిన రోజు నుంచే నడుస్తుంది.

ఇంకో చిక్కు కాగితాలతో. భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం వార్డులో చేరిన రోగి రికార్డులను డాక్టరు చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు దాచాలి. ఆ తర్వాత దాచమనే మాట ఆ నిబంధనల్లో లేదు. ఆరో ఏటో తొమ్మిదో ఏటో తప్పు బయటపడితే, కోర్టు గడువును మన్నించినా, నిరూపించడానికి ఆ కాగితం ఉంటుందా? లావెర్న్ విషయంలో రెండేళ్లకు ఫైలు తెరిస్తే రిపోర్టు దొరికింది కాబట్టి ప్రపంచానికి తెలిసింది. దొరకని ఫైళ్ల మీద చట్టాలు రావు.

మన పార్లమెంటు సభ్యులను అడగాల్సినవి రెండు. తెలిసిన రోజు నుంచే గడువు అన్న మాట కోర్టు తీర్పుల్లో ఉంటే చాలదు, 69వ సెక్షన్‌లోనే రాయాలి. దానికి ఒక ఆఖరి హద్దు కూడా పెట్టుకోవచ్చు, కానీ అది ఏ ఒక్క జబ్బుకో పరిమితం కాకూడదు. రెండు, ఆ హద్దు ఎన్నేళ్లయితే రికార్డులు దాచే గడువు కూడా అన్నేళ్లూ ఉండాలి.

అది వచ్చేదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. ఎక్స్‌రే అయినా, స్కాన్ అయినా, బయాప్సీ అయినా, ఏమీ లేదట అన్న నోటిమాటతో ఇంటికి రాకండి. ఫిల్ము ఒక్కటీ పట్టుకుని రాకండి. రేడియాలజిస్టు సంతకం చేసిన రిపోర్టు అడిగి తీసుకోండి, చివరి పేరా మీ డాక్టరు చేత చదివించుకోండి. ఆసుపత్రిలో చేరి వైద్యం చేయించుకుంటే, రాతపూర్వకంగా అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. అడిగిన కాగితం మీద తారీఖు వేయించుకోండి. తప్పు జరిగిందన్న అనుమానం వచ్చిందా, ఆ రోజును రాసిపెట్టుకుని రెండేళ్లు నిండేదాకా ఆగకుండా జిల్లా వినియోగదారుల కమిషన్ మెట్లెక్కండి. లాయరు లేకుండానే ఫిర్యాదు ఇవ్వవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల్లోపు అయితే ఫీజు కూడా లేదు.